కిటికీ అద్దానికి చుక్కల ముగ్గు: పిట్టలు గుద్దుకోని ఇల్లు ఎలా?

కిటికీకి ఏదో మెత్తటిది ఠప్పున తగిలిన చప్పుడు. బయటికెళ్లి చూస్తే గోడ వారన ఒక గువ్వ, మెడ వాల్చేసి పడి ఉంటుంది. ‘కళ్లు కనబడక గుద్దుకుంది పాపం’ అంటాం. దాని చూపుకు ఏ లోపమూ లేదు. కనబడనిది అద్దం. మనకైనా అద్దం కనబడదు. చౌకట్టు, పిడి, మరకలు చూసి అక్కడ అద్దం ఉందని ఊహించుకుంటాం, అంతే. పిట్టకు ఆ ఊహ లేదు. అద్దంలో చెట్టు కనబడితే అది చెట్టే, ఆకాశం కనబడితే అది దారే.

తిరుపతిలో ఈ గొడవ మామూలు ఊళ్ల కంటే ఎక్కువ పట్టించుకోవలసిందే. శేషాచలం అడవి ఊరికి ప్రహరీ గోడలా ఆనుకుని ఉంది. అలిపిరి, కపిలతీర్థం, యూనివర్సిటీల వైపు ఇళ్లలోకి పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, లకుముకులు, ఆకుపచ్చ రెక్కల గువ్వలు రోజూ వచ్చి పోతుంటాయి. వీటికి తోడు వలస పిట్టలు. వాటిలో బాగా దెబ్బ తినేది పొన్నంకి పిట్ట. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్ల పట్టీ, తోక కింద ఎరుపు, మొండి తోక. చలికాలం గడపడానికి అక్టోబరు ప్రాంతంలో దక్షిణాదికి దిగుతుంది, ఎండలు ముదిరేసరికి ఉత్తరాదికి తిరుగు ప్రయాణం కడుతుంది. రాత్రిపూట ఎగురుతుంది కాబట్టి తెల్లారేసరికి ఏ మెట్ల దగ్గరో, ఏ పోర్టికోలోనో సొమ్మసిల్లి దొరుకుతుంది. ఈ జాతి మొత్తానికీ ఇంగ్లీషు వాళ్లు పెట్టుకున్న పేరు మన ‘పిట్ట’ అన్న మాటే. పేరు మనది, కనీసం అద్దాల సంగతైనా మనం చూసుకోవాలి.

ముందు ఏ అద్దమో తేల్చుకోండి

ఇంట్లో అద్దాలన్నీ ప్రమాదం కాదు. ఒక సెలవు రోజు పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగు దాటాక ఒకసారి బిల్డింగు చుట్టూ బయటి నుంచి నడవండి. ఎండ పొద్దు మారే కొద్దీ అద్దంలో నీడలు మారతాయి. పొద్దున చీకటిగా, మామూలుగా ఉన్న కిటికీయే సాయంత్రానికి కొండనంతా చూపిస్తుంది. అద్దంలో చెట్టు గానీ కొండ గానీ ఆకాశం గానీ తేటగా కనబడితే ఆ కిటికీని రాసుకోండి.

రెండో రకం, ఇటు నుంచి అటు కనబడే అద్దం. రెండు కిటికీలు మూల దగ్గర కలిసే చోటు, ఎదురెదురు గోడల్లో ఉన్న కిటికీలు, బాల్కనీ గాజు రెయిలింగు, లిఫ్టు పక్కన గాజు గోడ. పిట్టకు అది సందు. దూసుకెళ్లిపోదామనుకుంటుంది. అద్దం వెనకే మనీప్లాంటు, పామ్ కుండీలు వరసగా పెడితే అదింకో ఆశ. ఆ కుండీలను కిటికీ నుంచి వెనక్కి జరపడం పైసా ఖర్చు లేని పని, ముందు అది చేయండి.

గుద్దుకున్న గుర్తులు కూడా వెతకండి. గువ్వల రెక్కల మీద పౌడరు లాంటి సన్నటి పొడి ఉంటుంది. గట్టిగా తగిలినప్పుడు అది అద్దం మీద అచ్చుపడిపోతుంది. ఎదురుగా చూస్తే తెలియదు. పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే చాచిన రెండు రెక్కలు, మధ్యలో తల, బూడిద రంగులో ముద్ర వేసినట్టు కనబడుతుంది. చిన్న పిట్టలైతే ఒక నూగు ఈక అతుక్కుని ఉంటుంది, అంతే. కింద పిట్టలేమీ లేవు కదా అనుకోకండి. మనం లేచేలోపే కాకులు, పిల్లులు, ముంగిసలు ఎత్తుకుపోతాయి, మిగిలింది ఊడ్చేవాళ్ల చాటలోకి పోతుంది. అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌నీ, ఊడ్చే ఆమెనూ అడిగితే ఏ వైపు ఎక్కువ పడతాయో ఇట్టే చెబుతారు. ఆ మాటను బట్టే పని ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవచ్చు.

ఎత్తు సంగతి: ఎక్కువ దెబ్బలు చెట్ల కొమ్మల ఎత్తులోనే, అంటే నేల నుంచి సుమారు 40 అడుగుల లోపల. డబ్బు తక్కువుంటే మొదటి మూడు నాలుగు అంతస్తులు చేసి ఆపేయండి, నష్టం లేదు.

రెండంగుళాల చుక్కలు

పరిష్కారం మనింటి ముందే ఉంది. చుక్కల ముగ్గు. గీతలు కలపక్కర్లేదు, చుక్కలు చాలు. అద్దమంతా చుక్కలు పరిస్తే పిట్టకు అది అడ్డంకిలా కనబడి తప్పుకుంటుంది. దీనికి నాలుగు షరతులున్నాయి. నాలుగూ పాటించకపోతే చేసిన పని దండగ.

మొదటిది దూరం. చుక్కకూ చుక్కకూ మధ్య అడ్డంగానూ నిలువుగానూ రెండంగుళాలకు మించకూడదు. మూడు వేళ్లు జోడిస్తే ఎంత వెడల్పో అంత. పిట్టలు కొమ్మల మధ్య చిన్న సందుల్లోంచి రెక్క ముడుచుకుని దూరిపోవడం అలవాటున్నవి. నాలుగంగుళాల ఖాళీ వదిలితే తేనెపిట్ట లాంటివి ఆ ఖాళీలోంచి పోగలమనుకుంటాయి.

రెండోది, చుక్కలు అద్దానికి బయటి వైపు ఉండాలి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. లోపల నిలబడి హాయిగా అతికిస్తారు. కానీ చెట్టు నీడ పడేది బయటి ముఖం మీద. లోపల అతికించిన చుక్కలు ఆ నీడ వెనక దాక్కుంటాయి. అతికించాక బయటికెళ్లి పది అడుగుల దూరం నుంచి చూడండి. చుక్కలు మీకు కనబడకపోతే పిట్టకూ కనబడవు.

మూడోది సైజు. చుక్క కనీసం 6 మిల్లీమీటర్లు, 8 నుంచి 10 అయితే నిశ్చింత. గీతలైతే కనీసం 3 మిల్లీమీటర్ల మందం.

నాలుగోది రంగు. పగలు ఇంటి లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి మామూలు కిటికీకి తెలుపు బాగా తేలుతుంది. అటూ ఇటూ ఆకాశమే కనబడే రెయిలింగుకు మాత్రం తెలుపు కలిసిపోతుంది. అక్కడ తెలుపు ఒక వరస, నలుపో నారింజో ఒక వరస వేస్తే ఏ వెలుతురులోనైనా ఒకటి కనబడుతుంది.

ఇక చేసే తీరు. ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటే బయటికి తీయండి. 12 అంగుళాల చదరం కత్తిరించి, అంచు నుంచి ఒక అంగుళం వదిలి అక్కడి నుంచి రెండంగుళాలకొకటి చొప్పున ఆరు వరసలు, వరసకు ఆరు, మొత్తం 36 గుర్తులు పెట్టండి. ఆఫీసు పంచింగ్ మిషను అంచుల దగ్గరే పనిచేస్తుంది, మధ్యకు అందదు. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలుకు చిల్లులు కొట్టే పంచి ఉంటుంది. చెక్క మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే గుండ్రంగా తెగుతుంది. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు కిటికీకి ఈ అచ్చును 20 సార్లు జరిపితే 720 చుక్కలు పడతాయి. అంచుల్లో వదిలిన అంగుళం వల్ల ఒక అచ్చుకూ పక్క అచ్చుకూ మధ్య కూడా దూరం రెండంగుళాలే వస్తుంది. కొలుచుకోవలసిన పని లేదు.

అద్దాన్ని సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో ఒకసారి తుడవండి. వంటింటి వైపు కిటికీలకు నూనె జిడ్డు ఉంటుంది, అది పోకపోతే పెయింటు నెలలోపే రాలిపోతుంది. తెల్ల ఆయిల్ ఎనామెల్‌ను చిన్న మూతలో పోసి, స్పాంజి ముక్కను ముంచి, పేపరు మీద ఒకసారి అద్ది, అప్పుడు అచ్చు మీద నిలువుగా తట్టండి. రుద్దకండి. స్పాంజికి పెయింటు ఎక్కువైతే ఫిల్ము కిందికి పాకి చుక్కలు కన్నీళ్లలా జారతాయి. ఒక అచ్చు అయ్యాక ఫిల్మును పైకి ఎత్తి తీయండి, పక్కకు లాగితే చెదురుతుంది. వెనక వైపు అంటిన పెయింటు తుడిచి తర్వాతి దానికి పోండి. అద్దెల్లు ఖాళీ చేసేటప్పుడు ఇంటి ఓనరు అడిగితే బ్లేడుతో గీకితే వచ్చేస్తుంది. ఆ మాట ముందే చెప్పి ఒప్పించుకోవచ్చు.

పెయింటు మన వల్ల కాదనుకుంటే రేడియం షాపుకు పోండి. బండ్ల నంబరు ప్లేట్లకు స్టిక్కర్లు కోసే షాపు. వాళ్ల మిషను వినైల్ మీద 10 మిల్లీమీటర్ల చుక్కలు, 50 మిల్లీమీటర్ల దూరంలో, పొద్దుటి నుంచి సాయంత్రం వరకు కోస్తూనే ఉంటుంది. ఎండకు తట్టుకునే బయటి రకం వినైల్ కావాలని, చుక్కలన్నీ ఒకే షీటుగా ఎక్కించేందుకు పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి ఇవ్వమని అడగండి. లేకపోతే 720 చుక్కలు గోటితో ఒక్కొక్కటీ ఒలుచుకుంటూ కూర్చోవాలి. కాలిన అద్దం మీద జిగురు పట్టుకుంటే మళ్లీ సర్దడానికి రాదు కాబట్టి అతికించేది పొద్దున్నే.

ఏ పద్ధతైనా సెప్టెంబరులోపు ముగించుకోండి. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి, తుపాన్లతో పాటు వస్తాయి. వలస పిట్టలూ అప్పుడే దిగుతాయి. తడి గాలిలో వేసిన పెయింటు సరిగ్గా ఆరదు. ఈ లోపు పని చేస్తుందో లేదో చూద్దామనుకుంటే బట్టల సబ్బు ముక్కతో అద్దం మీద దగ్గర దగ్గరగా గీతలు గీయండి. వాన పడే దాకా ఉంటుంది, పైసా ఖర్చు లేదు.

పని చేయనివి రెండు మూడు చెప్పాలి, ఎందుకంటే వాటికే ఎక్కువ డబ్బు పోతుంది. డేగ ఆకారం స్టిక్కరు ఒకటి అతికిస్తే పిట్టలు భయపడతాయన్నది వట్టి భ్రమ. కదలని డేగకు అవి భయపడవు, దాని పక్కనున్న ఖాళీలోకి దూసుకెళ్తాయి. మన కంటికి కనబడకుండా పిట్టలకు మాత్రమే కనబడే అతినీలలోహిత స్టిక్కర్లు, పెన్నులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఆ కాంతిని కొన్ని జాతులు బాగానే చూస్తాయి, గువ్వలకూ డేగలకూ అంత బాగా ఆనదు. పైగా మన ఎండకు వెలిసిపోతాయి, వెలిసిన సంగతి మన కంటికి తెలియదు. అద్దానికి వేడి తగ్గించే మెరుపు ఫిల్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు, అది అద్దాన్ని ముఖం చూసుకునే అద్దంగా మార్చి పరిస్థితి ఇంకా చెడగొడుతుంది.

చుక్కలు వద్దంటే తాళ్లు, జల్లెడ

హాల్లో కూర్చుంటే కొండ కనబడాలి, చుక్కలు అడ్డమంటారా? తాళ్లు వేలాడదీయండి. 3, 4 మిల్లీమీటర్ల ముదురు రంగు తాడు, అద్దం బయట, నాలుగంగుళాలకొకటి. తాడు గాలికి కదులుతుంది, అద్దానికి కాస్త ఎడంగా ఉంటుంది కాబట్టి దానికి నాలుగంగుళాల ఎడం సరిపోతుంది. పైన చెప్పిన నాలుగు, ఐదడుగుల కిటికీకే లెక్క వేస్తే 12 తాళ్లు, ముడులకు అరడుగు చొప్పున కలుపుకుంటే 66 అడుగులు. అల్యూమినియం పట్టీకో టేకు రీపరుకో చిల్లులు వేసి సజ్జా అడుగున బిగించండి. ప్లాస్టిక్ తాడు మన ఎండకు పెళుసెక్కి పొడిపొడి అవుతుంది. పాలిస్టరు తాడు ఎక్కువ కాలం నిలుస్తుంది. జూన్, జూలైలో పడమటి గాలి వీచేటప్పుడు తాళ్లు ఒకదానికొకటి జడలా మెలిపడతాయి, అప్పుడు మధ్యలో పెద్ద ఖాళీలు వచ్చేస్తాయి. కింద కూడా ఒక పట్టీ పెట్టి తాళ్లను వదులుగా కట్టేస్తే ఆ బాధ ఉండదు.

అన్నిటికంటే తేలికైనది దోమల జల్లెడ. అద్దానికి బయట ఉంటే చాలు, నీడను చంపేస్తుంది, గుద్దుకున్నా మెత్తగా తగులుతుంది. చిక్కల్లా ఇప్పటి స్లైడింగు కిటికీల్లో జల్లెడ రెక్క ఎటు ఉంటుందన్నదే. చాలా ఇళ్లలో అది లోపలి పట్టాలో ఉంటుంది. కొత్త కిటికీలు చేయించేటప్పుడు జల్లెడను బయటి పట్టాలో పెట్టమని, ఒక సగానికి కాకుండా రెండు సగాలకూ ఇవ్వమని ఆర్డరిచ్చే రోజే చెప్పండి. బిగించాక చెబితే ఎవరూ వినరు.

గాజు రెయిలింగులకు రేడియం షాపు నుంచే 5 మిల్లీమీటర్ల నిలువు పట్టీలు తెచ్చి రెండంగుళాల ఎడంతో వేయండి. మూడో అంతస్తు బాల్కనీలో రెయిలింగు మీదుగా వంగి బయటి వైపు అతికించే సాహసం మాత్రం చేయకండి. బిల్డింగుకు రంగులు వేసే మనుషులు తాళ్లు కట్టుకుని దిగినప్పుడు వాళ్ల చేత చేయించండి. అప్పటి దాకా లోపలి వైపు వేసినా, అటూ ఇటూ కనబడే గాజు కాబట్టి ఎంతో కొంత పని చేస్తుంది.

ఇల్లు ఇంకా ప్లానులోనే ఉంటే ఈ చుక్కలూ తాళ్లూ అక్కర్లేకుండానే పోతుంది. మెట్ల గోడకు గాజు బదులు ఇటుక జాలీ, కిటికీల ముందు నిలువు పలకలు, గాజు తప్పదన్న చోట చుక్కలు ముందే ముద్రించిన గాజు.

మేత, నీళ్ల మూకుళ్లు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. కిటికీకి మూడడుగుల లోపల పెట్టండి, లేదా 30 అడుగుల అవతల పెట్టండి. బెదిరి ఎగిరితే మూడడుగుల్లో దానికి వేగం అందదు, తగిలినా దెబ్బ తగలదు. పదీ పదిహేను అడుగుల దూరమే చంపేది. మూకుడు లోతు రెండంగుళాలు దాటకూడదు, అడుగు గరుకుగా ఉండాలి, నీళ్లు రోజూ మార్చాలి.

మీ స్కూటరు అద్దం మీద తేనెపిట్టో పిగిలిపిట్టో గంటల తరబడి పొడుస్తుంటే అది వేరే సంగతి. గుడ్లు పెట్టే రోజుల్లో తన నీడనే పోటీదారు అనుకుని యుద్ధం చేస్తోంది. అద్దానికి పాత సాక్సు తొడగండి, యుద్ధం ముగుస్తుంది.

రాత్రి లైట్లు

రాత్రి ఎగిరే పిట్టలను వెలుతురు దారి మళ్లిస్తుంది. మబ్బు పట్టిన రాత్రి, తుంపర పడే రాత్రి మరీ ఎక్కువ. లైట్ల చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయి దిగుతాయి, తెల్లారి చుట్టూ ఉన్న అద్దాలకు తగులుకుంటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, మళ్లీ మార్చి నుంచి మే దాకా రాత్రి పది నుంచి తెల్లవారే వరకు అవసరం లేని లైట్లు ఆపడం దీనికి మందు.

యాత్రికుల ఊరు, అర్ధరాత్రి బస్సు దిగి వచ్చేవాళ్లుంటారు, లాడ్జీలు చీకట్లో ఉండలేవు. అంత అక్కర్లేదు. రిసెప్షను లైటు ఉంచి, గాజు ముఖానికి కర్టెను లాగండి. మెట్ల దారికి మనిషి వస్తే వెలిగే సెన్సరు పెట్టండి. పేరు బోర్డుకు కింది నుంచి పైకి కొట్టే ఫోకస్ లైటును తీసేసి పై నుంచి కిందికి మార్చండి. బల్బు కొనేటప్పుడు డబ్బా మీద 3000కె గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నది, అంటే పసుపు వెలుగుది తీసుకోండి. బ్రహ్మోత్సవాలు సరిగ్గా వలస రోజుల్లోనే వస్తాయి. ఇంటికి సీరియల్ సెట్లు వేసుకోవద్దని ఎవరూ అనరు, పడుకునే ముందు ఆపేస్తే చాలు. కల్యాణ మండపాల మీంచి ఆకాశంలోకి తిప్పే బీమ్ లైట్లను మాత్రం ఆ నెలల్లో వాడకపోవడమే మేలు.

వలలు, గొట్టాలు, సంపులు, జిగురు అట్టలు

పావురాల వల కట్టించుకునేటప్పుడు పావురం సంగతి ఒక్కటే చూస్తారు. వదులుగా కట్టిన వలలో రామచిలుకలు, గోరింకలు కాళ్లు ఇరుక్కుని రోజంతా వేలాడతాయి. చేపల వల లాంటి సన్నటి ఒంటిపోగు దారం అసలు వద్దు, అది చర్మాన్ని కోసుకుపోతుంది. పేనిన మందపు దారంతో అల్లింది తీసుకోండి. పావురాలకు 50 మిల్లీమీటర్ల కన్ను సరిపోతుంది, పిచ్చుకలు కూడా దూరకూడదంటే 19. హుక్కులు నాలుగు వైపులా అడుగుకొకటి ఉండాలి, వేలితో నొక్కి వదిలితే వల మద్దెల మీది తోలులా వెనక్కి రావాలి. ఏడాదికొకసారి మళ్లీ బిగించండి. కట్టే ముందు లోపల ఏసీ డబ్బా వెనక గూడుందేమో చూడండి. పిల్లలను లోపల ఉంచి వల మూసేస్తే తల్లి బయట అరుస్తూనే ఉంటుంది.

మిద్దె మీద టాయిలెట్ గాలి గొట్టానికి టోపీ ఉందా? లేకపోతే గోరింకలు, చిన్న గుడ్లగూబలు గూటికి తొర్ర అనుకుని దిగుతాయి. నున్నటి గొట్టంలో రెక్క విప్పే చోటుండదు, గోళ్లకు పట్టు ఉండదు, పైకి రాలేవు. వదిలేసిన బోరు కేసింగు పైపులు, కంచెకు పాతిన బోలు ఇనుప స్తంభాలు కూడా అంతే. నాలుగంగుళాల పైపుకు జాలీ టోపీ ప్లంబింగు షాపుల్లో దొరుకుతుంది. ఇంటికి మొత్తం అరగంట పని.

సంపులు, సిమెంటు తొట్లు, సగం నిండిన బకెట్లు ఎండాకాలంలో ఉరులే. నీళ్లకు దిగి పైకి రాలేక మునిగిపోతాయి. తొట్టిలో ఏటవాలుగా ఒక గరుకు చెక్కో, కొబ్బరి మట్టో వేసి ఉంచండి. ఉడతలకూ అదే మెట్టు.

ఎలుకల జిగురు అట్టలు ఆరు బయట, మిద్దె మీద పెట్టకండి. పురుగుల కోసం నలంచి పిట్టలు, ఎలుక కోసం గుడ్లగూబలు వాలి అంటుకుపోతాయి. అంటుకుంటే లాగకండి, ఈకలతో పాటు చర్మం ఊడుతుంది. కిరోసిన్ పోయకండి. బయటికి కనబడే జిగురు మీద టిష్యూ పేపరు పరచి ఇంకో రెక్క అంటకుండా చేసి, అట్టతో సహా పెట్టెలో పెట్టి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

మాంజా ముక్కలు చెట్లకు వేలాడుతుంటే చుట్టి తీసేయండి. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. కరెంటు తీగకు చిక్కిన పిట్టను కర్రతో తీయబోయి మీ ప్రాణం మీదికి తెచ్చుకోకండి. 1912కు ఫోన్ చేసి లైను ఆపించాకే ఏదైనా.

ఇంటికి రంగులు వేసే ముందు సజ్జాల కింద, వెంటిలేటర్లలో గూళ్లు చూసుకోండి. గుడ్లో పిల్లలో ఉంటే ఆ ఒక్క మూల మూడు నాలుగు వారాలు వదిలేసి మిగతా ఇల్లు కానివ్వండి. అడవి పిట్టల గూళ్లను, గుడ్లను పాడుచేయడాన్ని 1972 వన్యప్రాణి చట్టం వేట కిందే లెక్క కడుతుంది.

పడిపోయిన పిట్ట దొరికితే

నీళ్లు తాగించకండి. అందరూ మొదట చేసేది అదే, దాంతోనే చాలా పిట్టలు పోతాయి. స్పృహ లేని పిట్ట నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మేత కూడా వద్దు.

చెప్పుల డబ్బా తెచ్చి మూతకు పెన్నుతో ఏడెనిమిది చిల్లులు పొడవండి. అడుగున పాత నూలు గుడ్డ మడిచి వేయండి. టవలు వద్దు, పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. పిట్టను ఒక పలుచటి గుడ్డతో కప్పి రెండు చేతులతో ఎత్తండి. రొమ్ము నొక్కకండి, ఊపిరాడేది ఆ కదలికతోనే. వెల్లకిలా కాకుండా పొట్ట మీద కూర్చున్నట్టు పెట్టి మూత వేసి, ఎండ తగలని, ఫ్యాను గాలి నేరుగా రాని గదిలో ఉంచండి. పిల్లలను, సెల్‌ఫోన్లను దూరంగా పెట్టండి. మన కంటికి బుద్ధిగా కూర్చున్నట్టున్న పిట్ట నిజానికి భయంతో బిగుసుకుపోయి ఉంటుంది.

గంట, రెండు గంటల తర్వాత డబ్బాలో గీరుతున్న చప్పుడు వినిపిస్తే బయటికి తీసుకెళ్లండి. గదిలో మూత తీసి చూడకండి, ఎగిరి మళ్లీ కిటికీకే తగులుతుంది. గుడ్లగూబైతే పగలు వదలొద్దు, కాకులు చుట్టుముట్టి చంపేస్తాయి, మసక పడ్డాక వదలండి. అపశకునమని ఆ డబ్బాను గేటు బయట పెట్టేవాళ్లు కూడా ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకోండి. రాత్రి దొరికిన పొన్నంకి పిట్టను తెల్లారే దాకా డబ్బాలోనే ఉంచి పొద్దున చెట్లున్న చోట వదిలితే సరిపోతుంది.

రెక్క వేలాడుతున్నా, ముక్కులోంచి నెత్తురు వస్తున్నా, తల పక్కకు వాలిపోతున్నా, రెండు గంటలైనా నిలబడలేకపోతున్నా ఇంట్లో వైద్యాలు ఆపి బయల్దేరండి. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. అటవీ శాఖ వాళ్లకు చెప్పినా ఎక్కడికి తేవాలో చెబుతారు. పిల్లి నోట్లోంచి తీసిన పిట్టకు పైకి గాయం కనబడకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే, పిల్లి పంటి గాటు లోపల చీము పడుతుంది. కోలుకున్నాక ఇంట్లో పంజరంలో పెంచుకుందామన్న ఆలోచన వద్దు, అది నేరం.

వదిలేటప్పుడు పైకి విసరకండి. డబ్బాను మోకాలి ఎత్తు గోడ మీద పెట్టి, మూత తీసి, నాలుగడుగులు వెనక్కి జరగండి. డబ్బా నోరు చెట్ల వైపు తిప్పి, ఎదురుగా ఏ బిల్డింగు అద్దమూ లేదని చూసుకున్నాకే మూత తీయండి.